మీ ఊరి మున్సిపాలిటీ వెబ్‌సైట్ జనానికి పనికొస్తోందా లేదా, మీరే చెక్ చేయడం ఎలా

మున్సిపాలిటీ వెబ్‌సైట్ ఎలా ఉందో చూసి చెప్పు అంటే చాలామంది ఏం చేస్తారంటే, హోమ్ పేజీ తెరిచి, రంగులు పాతగా ఉన్నాయి, పైన వార్తలు ఆగకుండా పరిగెడుతున్నాయి, ఫోటోలు ఎక్కువయ్యాయి, అని ఓ పది పాయింట్లు రాసి పంపేస్తారు. నేనూ మొదటిసారి అదే చేశా. ఓ చిన్న ఊరి సైట్ మీద నాలుగు పేజీల రిపోర్ట్ రాసి ఇస్తే, ఆఫీసులో ఒకాయన ఓపిగ్గా మొత్తం చదివి, "అన్నీ బానే ఉన్నాయండి, ఇంతకీ రేపు పొద్దున వచ్చి మేం ఏది మార్చాలి?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. నేను రాసిందంతా నాకు నచ్చనివి, జనానికి అడ్డం పడేవి కాదు. ఆ రెండూ వేరని అప్పుడు బుర్రకెక్కింది, కాబట్టి ఇక్కడ అందం గురించి దాదాపు ఏమీ రాయట్లేదు.

ఊరి సైట్‌కి ఎవరూ కాలక్షేపానికి రారు. షాపింగ్ యాప్ అయితే రోజూ వాడతాం, రెండో వారానికి చేతికి అలవాటైపోతుంది, ఇక్కడ ఆ అవకాశమే లేదు. ఏడాదికి ఒకటో రెండో సార్లు, అదీ ఏదో పని నెత్తిమీదికి వచ్చాక, ఫోన్‌లో, సగం చిరాకుతో వస్తారు. పన్ను గడువు రేపే, కుళాయిలో మూడ్రోజుల నుంచి నీళ్లు లేవు, స్కూల్లో పిల్లాడి జనన ధ్రువీకరణ పత్రం అడిగారు, ఇలాంటివి. పైగా సైట్ నచ్చకపోతే పక్క సైట్‌కి పోదాం అనడానికి లేదు, ఆ ఊరికి ఉన్న మున్సిపాలిటీ అదొక్కటే. అందుకని కొలత కూడా ఒక్కటే పెట్టుకోండి, పని పట్టుకుని వచ్చిన మనిషి ఎవరికీ ఫోన్ చేయకుండా, ఆఫీసుకి పోకుండా ఆ పని చేసుకోగలిగాడా లేదా. మిగతావన్నీ దాని తర్వాతే.

ముందు సైట్ కాదు, కౌంటర్ దగ్గరికెళ్లండి

జనం ఏ పని మీద వస్తారో మీరు ఊహించకండి. ఆఫీసులో ఫోన్ ఎత్తేవాళ్లు, ముందు కౌంటర్‌లో కూర్చునేవాళ్లు ఉంటారు కదా, వాళ్లని అడగండి. వీలైతే ఒక కాగితం ఇచ్చి వారం రోజులు ఏ ప్రశ్న వస్తే దాని ఎదురుగా ఒక గీత గీయమనండి. వారం అయ్యాక ఆ కాగితం చూస్తే సైట్ తప్పులు సగం అక్కడే కనిపిస్తాయి, ఎందుకంటే సైట్‌లో సమాధానం ఉండి కూడా జనం ఫోన్ చేసి అడుగుతున్నారంటే ఆ సమాధానం దొరకట్లేదని అర్థం. "ఎల్లుండి ఆఫీసు ఉందా అండి" అనే ప్రశ్నకే బోలెడు గీతలు పడతాయి, సైట్‌లో చూస్తే పనివేళలు ఎక్కడో మూడో పేజీలో అడుగున ఉంటాయి.

సైట్‌కి అనలిటిక్స్ పెట్టి ఉంటే ఏ పేజీలు ఎక్కువ చూస్తున్నారు, సైట్‌లోని సెర్చ్ డబ్బాలో ఏం టైప్ చేస్తున్నారు అనేది అడిగి తీసుకోండి. సెర్చ్ మాటలు బంగారం లాంటివి. జనం వాడే మాట ఏదో, ఆఫీసు వాడే మాట ఏదో అక్కడ పక్కపక్కన కనిపిస్తాయి, జనం "చెత్త బండి" అని కొడతారు, సైట్‌లో ఉన్నదేమో "ఘన వ్యర్థాల నిర్వహణ". సెర్చ్‌కి సున్నా ఫలితాలు, జనానికేమో ఈ సైట్‌లో ఏమీ లేదు అనే అభిప్రాయం.

ఇవన్నీ కలిపి ఐదారు పనులు ఎంచుకోండి, అంతకంటే ఎక్కువ వద్దు. పన్ను కట్టడం, ఏదో ఒక సర్టిఫికెట్‌కి దరఖాస్తు, ఒక ఫిర్యాదు, ఒక లైసెన్స్, ఏదైనా సమాచారం వెతకడం, కౌన్సిల్ మీటింగ్ ఎప్పుడో, అందులో ఏం తీర్మానం చేశారో చూడటం. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు, కానీ అది జనం హక్కు, అన్నిటికంటే లోతుగా పాతిపెట్టి ఉండేది కూడా అదే.

ఒక పూట మీరే తిరగండి

జనాన్ని కూర్చోబెట్టే ముందు రెండు మూడు గంటలు మీరు సొంతంగా సైట్ అంతా తిరగాలి, లేదంటే కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించే తప్పుల మీద జనం టైమ్ వేస్ట్ చేసినట్టవుతుంది. హోమ్ పేజీ నుంచి మొదలెట్టకండి. చాలామంది గూగుల్‌లో వెతికి నేరుగా లోపలి పేజీలో దిగుతారు, హోమ్ పేజీ మొహం కూడా చూడరు. మీరూ అలాగే ఏదో ఒక లోపలి పేజీ లింక్ తెరిచి చూడండి, ఇది ఏ ఊరి సైటో తెలుస్తోందా, అసలు సర్కారుదేనా లేక ఎవరో మధ్యవర్తి పెట్టుకున్న సైటా, ఇక్కడి నుంచి పైకి ఎలా వెళ్లాలి? ఒకే పేరుతో రెండు మూడు ఊర్లు ఉండటం మామూలే, లోపలి పేజీలో జిల్లా పేరు లేకపోతే పక్క జిల్లా మనిషి వచ్చి ఈ ఫారం నింపేసి పోతాడు.

తర్వాత తేదీలు. చాలా సైట్లలో అడుగున "చివరిసారి అప్‌డేట్ చేసిన తేదీ" అని ఉంటుంది, అది ఈరోజు తేదీ చూపిస్తుంది, మీరు రేపు చూస్తే రేపటి తేదీ చూపిస్తుంది. పేజీ తెరిచిన రోజు తేదీని తెచ్చి అక్కడ పెట్టే చిన్న స్క్రిప్ట్ అంతే, ఎవరూ ఏదీ అప్‌డేట్ చేయలేదు. అసలు సంగతి తెలియాలంటే అధికారుల పేర్లు, ఫీజుల పట్టిక, సెలవుల జాబితా ఆఫీసులో ఉన్న కాగితంతో పోల్చి చూడండి. పాత ఫీజు చూసి అంతే డబ్బు పట్టుకుని కౌంటర్‌కి వెళ్లి చాలక తిరిగొచ్చిన మనిషి ఇంక జన్మలో ఆ సైట్‌ని నమ్మడు.

ఫోన్ నంబర్ మీద వేలు పెట్టి నొక్కండి. కాల్ వెళ్తోందా? చాలాచోట్ల నంబర్లు ఫోటోలో ఉంటాయి, నొక్కినా పోవు, కాపీ కూడా అవ్వవు, ఇంకో కాగితం మీద రాసుకుని డయల్ చేయాలి. "మమ్మల్ని సంప్రదించండి" ఫారంలో నిజంగా మీకు అవసరమైన ప్రశ్న ఒకటి పంపి ఎన్ని రోజులకి జవాబొస్తుందో రాసుకోండి. నేను పంపినదానికి ఒకచోట జవాబే రాలేదు, తర్వాత తెలిసిందేంటంటే ఆ మెయిల్ బాక్స్ పాస్‌వర్డ్ ఉన్నాయన బదిలీ అయి వెళ్లిపోయాడు. ఇది సైట్ డిజైన్ లోపం కాదు అంటారు కొందరు, నేను ఒప్పుకోను, వాడే మనిషికి అంతా ఒకటే.

ఈ తిరుగుడుకి ఒక పద్ధతి కావాలంటే యూజబిలిటీ, అంటే సైట్ వాడటం ఎంత తేలికో చూసే పనిలో పేరున్న జేకబ్ నీల్సన్ 1994లో పెట్టిన 10 సూత్రాల జాబితా ఉంది, ఆ పని చేసేవాళ్లు ఇప్పటికీ వాడతారు. ఇద్దరు ముగ్గురు విడివిడిగా చూసి, ఎవరి తప్పులు వాళ్లు రాసుకుని, చివర్లో కలుపుకోవాలి, ముందే మాట్లాడుకుంటే ఒకరు చెప్పిందే అందరూ చూస్తారు. పదీ చూడండి కానీ ఊరి సైట్లలో ఎక్కువగా తన్నేవి మూడు. జనం మాటల్లో మాట్లాడకపోవడం, ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్పకపోవడం, తప్పు జరిగినప్పుడు ఎలా బయటపడాలో చెప్పకపోవడం.

మెనూ పేర్లు పేపర్ మీదే తేల్చేయొచ్చు

మెనూ చూడగానే తెలిసిపోతుంది ఇది ఎవరి కోసం కట్టారో. ఆఫీసులో ఎన్ని విభాగాలుంటే మెనూలో అన్ని పేర్లు, ఇంజనీరింగ్, రెవెన్యూ, టౌన్ ప్లానింగ్, ప్రజారోగ్యం, అకౌంట్స్. ఆఫీసు లోపల పనిచేసేవాళ్లకి ఇది చక్కగా కనిపిస్తుంది. బయటి మనిషికి మాత్రం వీధి దీపం వెలగకపోతే అది ఏ శాఖో తెలియాల్సిన అవసరం ఏముంది, అతనికి కావాల్సింది దీపం.

దీన్ని చెక్ చేయడానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. మెనూలో పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కో పేరు కింద ఏమేం ఉన్నాయో ఇంకో కాగితం మీద రాసుకుని, ఎవరికైనా మొదటి కాగితం మాత్రమే చూపించి "వీధి దీపం వెలగట్లేదు, ఏది నొక్కుతారు" అని అడగండి. నొక్కింది రాసుకోండి, తప్పయితే సరిచేయకండి. దీన్ని ట్రీ టెస్టింగ్ అంటారు. మొదటి నొక్కుడు ఎందుకంత ముఖ్యమంటే, బాబ్ బెయిలీ, కారీ వుల్ఫ్‌సన్ అని ఇద్దరు చేసిన పరిశీలనలో మొదటి క్లిక్ సరైనచోట పడ్డవాళ్లు 87 శాతం పని పూర్తి చేశారు, తప్పుగా పడ్డవాళ్లలో పూర్తి చేసింది 46 శాతమే. అంటే మొదట్లో దారి తప్పితే సగం మందికి పైగా తిరిగి దారిలో పడలేదన్నమాట.

ఐదుగురిని కూర్చోబెట్టండి

అసలు పని ఇదే. మిగతావన్నీ చేయడానికి టైమ్ లేకపోయినా ఇదొక్కటి చేయండి.

ఎంతమంది కావాలి అంటే ఐదుగురు చాలు. నీల్సన్, టామ్ లాండావర్ 1993లో వేసిన లెక్క ప్రకారం ఒక మనిషి సగటున 31 శాతం సమస్యలు బయటపెడతాడు, ఐదుగురయ్యేసరికి 85 శాతం దాకా వస్తాయి, తర్వాత వచ్చేవాళ్లు చాలావరకు అవే మళ్లీ చూపిస్తారు. ఇది అందరూ ఒకే రకం మనుషులు, ఒకే రకం పనులు అనుకుంటేనే. అందుకే పదిహేను మందితో ఒకేసారి చేసే బదులు ఐదుగురితో చేసి, సరిచేసి, మళ్లీ ఐదుగురితో చేయడం మేలు.

ఎవరిని పిలవాలి అనేదే అసలు తలనొప్పి. ఆఫీసు స్టాఫ్ వద్దు, వాళ్లకి శాఖలన్నీ తెలుసు. సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్ వద్దు, వాడు సైట్‌కి ఎక్కడ నొప్పో ముందే పట్టేసి మీకు లెక్చర్ ఇస్తాడు. ఆఫీసులో లైన్లో నిలబడ్డవాళ్లు ఉన్నారే, వాళ్లు, చేతిలో పని ఉన్నవాళ్లు. అనుమతి తీసుకుని, ఇరవై నిమిషాలు ఇవ్వగలరా అని అడిగితే అనుకున్నదానికంటే ఎక్కువమందే ఒప్పుకుంటారు, ఎలాగూ ఎదురు చూస్తున్నారు కదా. లైబ్రరీ కూడా మంచి చోటు. ఐదుగురిలో ఒకరు పెద్దవాళ్లు, ఒకరు పాత ఫోన్ వాడేవాళ్లు, ఒకరు చూపు సరిగా లేనివాళ్లు లేదా చేతులు వణికేవాళ్లు, ఒకరు ఆ ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఉండేలా చూసుకోండి. వాళ్ల ఫోన్‌లోనే చేయించండి, మీ ల్యాప్‌టాప్ మీద కాదు.

పని చెప్పేటప్పుడు సైట్‌లో ఉన్న మాట మీ నోటి నుంచి రాకూడదు. "పారిశుధ్య విభాగంలో ఫిర్యాదు పెట్టండి" అన్నారంటే పరీక్ష అయిపోయినట్టే, వాళ్లు ఆ మాట కోసం స్క్రీన్ మీద వెతుక్కుని నొక్కేస్తారు. "మీ వీధిలో మూడ్రోజులుగా చెత్త తీయలేదు, ఆఫీసుకి తెలియజేయాలి, ఎలా చేస్తారు?" అనండి. ఇంకో జాగ్రత్త, ఫిర్యాదు నిజంగా సబ్మిట్ చేస్తే ఆఫీసులో ఎవరో దాని మీద పని చేయడం మొదలెడతారు, కాబట్టి చివరి బటన్ ముందు ఆపేయండి, లేదా స్టాఫ్‌కి ముందే చెప్పి పెట్టండి. గుర్తింపు కార్డు నంబర్లు, బ్యాంకు వివరాలు అసలువి కొట్టించొద్దు. వీడియో తీస్తే ముందు అడిగి తీయండి, మొహం కాదు, స్క్రీన్, వేళ్లు, గొంతు చాలు.

మొదలెట్టేటప్పుడు చెప్పాల్సిన ముక్క ఒకటుంది, "మేం సైట్‌ని పరీక్షిస్తున్నాం, మిమ్మల్ని కాదు. మీరు ఎక్కడైనా ఆగిపోతే అది సైట్ తప్పు, మాకు కావాల్సింది కూడా అదే. మనసులో అనుకునేది పైకి అనేయండి." తర్వాత మీరు నోరు మూసుకోవాలి. రాసినంత తేలిక కాదు ఇది.

ఒక సెషన్ చెప్తా. ఆవిడకి అరవై దాటాయి, చిన్న షాపు నడుపుతారు, ఫోన్ బానే వాడతారు, వీడియో కాల్స్, డబ్బులు పంపడం అన్నీ వచ్చు. పని ఏంటంటే, షాపు లైసెన్స్ గడువు వచ్చే నెల అయిపోతుంది, మళ్లీ తీసుకోడానికి ఏమేం కావాలో చూడాలి. సైట్ తెరవగానే స్వాగతం అంటూ ఒక పాపప్, దాన్ని మూసే గుర్తు తెల్ల ఫోటో మీద తెల్లగా ఉంది. కనపడలేదు. ఫోన్‌లో వెనక్కి నొక్కారు, సైటే పోయింది. మళ్లీ తెరిచారు, ఈసారి ఎక్కడో పక్కన వేలు తగిలి పాపప్ పోయింది, ఎలా పోయిందో ఆవిడకీ తెలీదు. "సేవలు" నొక్కారు. పదకొండు విభాగాల పేర్లు వచ్చాయి. వేలు రెవెన్యూ మీదికి వెళ్లి ఆగింది, టౌన్ ప్లానింగ్ మీదికి వెళ్లింది, మళ్లీ పైకొచ్చింది, చివరికి "డబ్బులు కట్టేది కదా" అనుకుంటూ రెవెన్యూ నొక్కారు. లైసెన్స్ ఉన్నదేమో ప్రజారోగ్యంలో. రెవెన్యూ పేజీలో ఒక పీడీఎఫ్ దొరికింది, లైసెన్స్ ఫీజులు అని పేరు, తెరిస్తే స్కాన్ చేసిన కాగితం, పక్కకి పడుకుని ఉంది. ఆవిడ ఫోన్ తిప్పారు. ఫోన్‌తో పాటు పేజీ కూడా తిరిగింది, మళ్లీ పక్కకే. ఇంక మెడ వంచి చదవడం మొదలెట్టారు.

నాకు ఆ క్షణంలో నోటి దాకా వచ్చింది, అమ్మా వెనక్కెళ్లి ప్రజారోగ్యం నొక్కండి అని. పంటి కింద నాలుక పెట్టుకుని కూర్చున్నా. ఆవిడ ఒక నిమిషం చూసి ఫోన్ బల్ల మీద పెట్టేసి, "నాకే చేతకావట్లేదు బాబూ, మా అబ్బాయైతే చిటికెలో చేసేస్తాడు" అన్నారు. ఈ మాట ప్రతి సెషన్‌లో ఎవరో ఒకరు అంటారు, అనగానే అప్పటి టైమ్, స్క్రీన్ మీద ఏముందో రాసేసుకోండి, మనిషి తనని తాను తిట్టుకున్నచోట సైట్ తప్పు కచ్చితంగా ఉంటుంది. ఆ తర్వాత వచ్చింది పాతికేళ్ల కుర్రాడు. అతనూ తిన్నగా రెవెన్యూలోకే వెళ్లాడు.

వాళ్లు మిమ్మల్ని "ఇదేనా నొక్కాల్సింది?" అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. అవునని గానీ కాదని గానీ అనకుండా "నేనిక్కడ లేకపోతే ఏం చేసేవారు?" అనండి. చాలాసేపు మౌనంగా ఉంటే "ఇప్పుడు ఏం చూస్తున్నారు?" అంతే. మరీ ఇరుక్కుని ఇబ్బంది పడుతుంటే అక్కడితో ఆపి తర్వాతి పనికి వెళ్లండి, ఏడిపించడం మన ఉద్దేశం కాదు.

రాసుకునేది కొంచెమే. ఒక్కో పనికి పూర్తయిందా, సాయంతో అయిందా, కాలేదా, మొదట ఏది నొక్కారు, ఎంతసేపు పట్టింది, ఎక్కడ ఆగారు, ఆగినప్పుడు ఏమన్నారు, వాళ్ల మాటల్లోనే. ఇంకో విచిత్రం కూడా గమనించాలి, తప్పు సమాధానం పట్టుకుని "అయిపోయిందండి" అని నమ్మకంగా చెప్పేవాళ్లు ఉంటారు. ఇది ఫెయిల్ కంటే ఘోరం, ఎందుకంటే ఫెయిలైన మనిషి కనీసం ఫోన్ చేసి కనుక్కుంటాడు, ఇతను గడువు దాటాక జరిమానా కడతాడు.

చివర్లో ఒక నంబర్ కావాలనిపిస్తే సైట్ వాడటం ఎంత తేలికనిపించిందో అడిగే ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) అనే పది ప్రశ్నల కాగితం ఉంది, జాన్ బ్రూక్ 1986లో తయారుచేసింది, ఎవరైనా వాడుకోవచ్చు. ప్రతి ప్రశ్నకి 1 నుంచి 5 దాకా మార్కు. బేసి సంఖ్య ప్రశ్నల్లో మార్కు నుంచి 1 తీసేయాలి, సరి సంఖ్య వాటిలో 5 నుంచి మార్కు తీసేయాలి, అన్నీ కూడి 2.5 తో గుణిస్తే 100కి స్కోర్ వస్తుంది. సగటు 68 దగ్గర ఉంటుంది. శాతం అని మాత్రం రాయకండి, అది శాతం కాదు. ఐదుగురి నంబర్ మీద పెద్ద తీర్పులివ్వడం కూడా తప్పే, ముందు ఎంత, సరిచేశాక ఎంత అని చూసుకోడానికి పనికొస్తుంది. అదీకాక పని కాకపోయినా మొహమాటానికి మంచి మార్కులేసి పోయేవాళ్లు చాలామంది, అందుకే నేను ఏం జరిగిందో దాన్నే నమ్ముతా.

అందరూ వాడగలరా

అంతర్జాతీయంగా దీనికి డబ్ల్యూసీఏజీ అనే ప్రమాణాలున్నాయి, వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థవి, 2.2 వెర్షన్ 2023 అక్టోబర్‌లో వచ్చింది. మొత్తం చదివితే నిద్రొస్తుంది, కూర్చున్నచోట అరగంటలో చూసుకోగలిగినవి చెప్తా.

మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీతో మాత్రమే ఒక ఫారం నింపండి. ఇప్పుడు ఏ గడిలో ఉన్నామో కనిపించాలి, ఎక్కడా ఇరుక్కుపోకూడదు. అక్షరాలు 200 శాతం పెద్దవి చేసి చూడండి, ఏమీ కనుమరుగు కాకూడదు. మామూలు అక్షరాలకి, వెనక రంగుకి మధ్య తేడా 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకి 3:1 చాలు, కొలవడానికి ఉచిత టూల్స్ దొరుకుతాయి. లేత బూడిద రంగు మీద తెల్ల అక్షరాలు ఆఫీసు మానిటర్‌లో బానే కనిపిస్తాయి, ఎండలో బస్టాప్‌లో నిలబడి ఫోన్‌లో చూస్తే ఖాళీ పేజీయే. నొక్కే బటన్లు కనీసం 24 పిక్సెళ్ల నిలువు, 24 పిక్సెళ్ల అడ్డం ఉండాలి. ఆగకుండా పరిగెత్తే ఆ వార్తల పట్టీ ఉంది చూశారా, దానికదే కదులుతూ 5 సెకన్లు దాటితే ఆపే వీలు ఉండి తీరాలి, ఇది నా అభిరుచి కాదు, ప్రమాణంలోనే ఉంది.

తర్వాత కళ్లు మూసుకుని వినండి. స్క్రీన్ మీదున్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి, విండోస్ కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ ఉచితం, ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ ముందే ఉంటాయి. మెనూ చదివించండి, స్కాన్ చేసిన పీడీఎఫ్ చదివించండి. పీడీఎఫ్ దగ్గర నిశ్శబ్దం వస్తుంది, ఎందుకంటే అందులో అక్షరాలు లేవు, అక్షరాల ఫోటో ఉంది. చూపు లేని మనిషికి ఆ నోటీసు ఇవ్వలేదన్నట్టే లెక్క. ఇదే కారణంతో ఆ నోటీసు గూగుల్‌కి కూడా సరిగ్గా దొరక్కపోవచ్చు.

ఇలాంటి అడ్డంకులు వాటంతటవే వెతికే లైట్‌హౌస్, వేవ్ లాంటి ఆటోమేటిక్ టూల్స్ నడపండి, తప్పులేదు, కానీ పచ్చ రంగు స్కోర్ చూసి మురిసిపోవద్దు. 2017లో బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ టీమ్ కావాలని 140కి పైగా అడ్డంకులు పెట్టి ఒక పేజీ తయారుచేసి టూల్స్‌ని వదిలితే, దాదాపు 30 శాతం అడ్డంకులు ఏ ఒక్క టూల్‌కీ దొరకలేదు.

స్పీడ్ సంగతి చిన్నదే. గూగుల్ పెట్టిన గీత ప్రకారం పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, 75 శాతం విజిట్లలో. వైఫై ఆపేసి, సిగ్నల్ సరిగా లేనిచోట నిలబడి మీరే ఒకసారి తెరిచి చూడండి. చాలావరకు నేరం ఎవరిదంటే కెమెరా నుంచి తీసింది తీసినట్టే ఎక్కించిన ప్రారంభోత్సవం ఫోటోలది.

ఫారాలు, ఆ తర్వాత

ఫారం దగ్గర కావాలని తప్పులు చేయండి. ఫోన్ నంబర్‌లో ఒక అంకె తక్కువ కొట్టండి, ఒక గడి ఖాళీగా వదలండి, పెద్ద ఫోటో అప్‌లోడ్ చేయండి. "చెల్లని ఇన్‌పుట్" అని ఎర్రగా వచ్చి ఏ గడిలో తప్పో చెప్పకపోతే రాసుకోండి. తప్పు సరిచేయమని వెనక్కి పంపి నింపిందంతా చెరిపేస్తే దాన్ని పెద్దక్షరాలతో రాసుకోండి. మధ్యలో లేచి వెళ్లి కాఫీ తాగి రండి, సెషన్ అయిపోయింది అంటుందా? టైమ్ అయిపోయే ముందు హెచ్చరించి, పొడిగించుకోడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలని ప్రమాణం. నిజం చెప్పాలంటే ఇంట్లో పాత రసీదు వెతకడానికి 20 నిమిషాలు పడుతుంది. కావాల్సిన కాగితాల జాబితా ఫారం మొదట్లోనే ఉందా, లేక ఐదో పేజీలో తెలుస్తుందా అనేది కూడా చూడండి.

సబ్మిట్ అయ్యాక ఏముంటుంది? రసీదు నంబర్ వచ్చిందా, అది సేవ్ చేసుకోగలమా, ఎన్ని రోజుల్లో పని అవుతుందో చెప్పారా, ఆ నంబర్ కొడితే ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తుందా. ఒకసారి ఆఫీసు లోపలికెళ్లి ఆన్‌లైన్ దరఖాస్తు వాళ్లకి ఎలా చేరుతుందో చూడండి. ప్రింట్ తీసి ఫైల్లో పెట్టి మళ్లీ ఇంకో సాఫ్ట్‌వేర్‌లో మొదటి నుంచి టైప్ చేస్తుంటే ఆశ్చర్యపోకండి.

రిపోర్ట్

దొరికిన తప్పులకి 0 నుంచి 4 దాకా తీవ్రత వేయండి, ఇదీ నీల్సన్‌దే, 0 అంటే సమస్యే కాదు, 4 అంటే పని ఆగిపోతుంది, వెంటనే చూడాలి. ఎంతమందికి తగులుతోంది, తగిలితే దాటగలరా, ప్రతిసారీ తగులుతుందా అనేవి చూసి వేయాలి.

కానీ చిన్న ఊరికి ఇది ఒక్కటే చాలదు, ఇంకో గడి కావాలి, దీన్ని ఎవరు సరిచేయగలరు అని. అక్కడ డెవలపర్లు ఉండరు. సైట్ ఎవరో వెండర్ కట్టింది, ప్రతి మార్పుకీ వాళ్లకి రాసి, బిల్లు పెట్టించి, ఎదురు చూడాలి. అందుకే రెండు కుప్పలు చేయండి. మెనూ పేరు మార్చడం, ఫోన్ నంబర్ అక్షరాలుగా కొట్టడం, పక్కకి తిరిగిన పీడీఎఫ్ తీసి నాలుగు లైన్లు టైప్ చేసి పెట్టడం, పాపప్ తీసేయడం, సైట్ పాస్‌వర్డ్ ఉన్న ఉద్యోగి ఎవరైనా ఒక మధ్యాహ్నంలో చేసేస్తారు. ఫారం చెరిగిపోవడం, సెషన్ టైమ్ లాంటివి వెండర్‌కి. మొదటి కుప్ప పైన పెట్టండి, మొదటి వారంలోనే ఏదో ఒకటి మారితే ఆఫీసులో వాళ్లకీ ఉత్సాహం వస్తుంది.

రెండు పేజీలు దాటొద్దు. దాంతోపాటు ఒక నిమిషం లోపు వీడియో ముక్క ఒకటి చూపించండి. నేను రెండోసారి వెళ్లినప్పుడు, షాపు ఆవిడ ఒప్పుకున్నారు కాబట్టి, ఫోన్ తిప్పితే పేజీ కూడా తిరిగే ఆ ముక్క ఒక్కటే చూపించా. మొదట అందరూ నవ్వారు. ఆవిడ "నాకే చేతకావట్లేదు" అన్న దగ్గర నవ్వు ఆగిపోయింది, మొదటిసారి నా నాలుగు పేజీలు చదివిన ఆయనే లేచి పీడీఎఫ్ ఎవరు ఎక్కించారని అడిగారు. ఎవరు చేశారనే దాని మీదికి మాట పోనివ్వకండి, పోతే ఇంకోసారి మిమ్మల్ని రానివ్వరు. నేను మెనూ మీదికి మళ్లించా.

రెండు నెలలాగి అవే పనులు, కొత్త ఐదుగురితో మళ్లీ చేశాం. "సేవలు" కింద విభాగాల పేర్లు పోయి షాపు లైసెన్స్, ఇంటి పన్ను, నీళ్లు, చెత్త, వీధి దీపాలు అని వచ్చాయి, పాపప్ లేదు. ఐదుగురిలో నలుగురు లైసెన్స్ పేజీకి నిమిషంలోపే వెళ్లిపోయారు. వెళ్లి, అక్కడ ఫోటో అప్‌లోడ్ దగ్గర ముగ్గురు ఆగిపోయారు, ఫైల్ సైజు ఎక్కువైందని ఇంగ్లీషులో వస్తోంది, ఎంత ఉండాలో చెప్పట్లేదు. మొదటి రౌండ్‌లో ఇది మాకు కనపడనే లేదు, అంత దూరం ఎవరూ వస్తే కదా.